చదువుకి ఓ తోడు



ఇవాళ మనం మాట్లాడుకోబోయే విషయం కృత్రిమ మేధ. పిల్లలు ఏఐ, ఏఐ అని రోజుకి పదిసార్లు అంటూంటారే, అదే. పేరు వినగానే "మనకెందుకమ్మా ఈ గొడవ, ఉద్యోగాలు చేసేవాళ్ళు చూసుకుంటారు" అని రేడియో చెవి మెలిపెట్టబోయేవారిని కాసేపు ఆగమని కోరుతున్నాను. నేను చెప్పబోయేది యంత్రాల గురించి తక్కువ, ఆగిపోయిన మన చదువుల గురించి ఎక్కువ.

తన చదువు ఎక్కడ ఆగిందో మరిచిపోయిన ఆడది ఉండదు. ఒకరికి పదో తరగతి పరీక్షలు కాకముందే పెళ్ళిచూపులతో ఆగింది. ఒకరికి ఇంటర్ తర్వాత, కాలేజీ దూరమని ఆగింది. ఇంకొకరికి డిగ్రీ రెండో ఏడాదిలో, పురిటికి పుట్టింటికి వెళ్ళడంతో ఆగింది. "పిల్లలు కాస్త పెద్దయ్యాక చూద్దాంలే" అన్నారు. పిల్లలు పెద్దయ్యారు, వాళ్ళకీ పిల్లలు పుట్టారు. ఆ చూద్దాం మాత్రం అలాగే అటక మీద ఉండిపోయింది.

మా కుత్బుల్లాపూర్ వైపు చూడండి. ఒకప్పుడు హెచ్‌ఎంటీ, ఐడీపీఎల్ ఉద్యోగాలకని, ఆ తర్వాత జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఫ్యాక్టరీలకని ఎక్కడెక్కడి జిల్లాల నుంచో కుటుంబాలు వచ్చి చింతల్, షాపూర్‌నగర్, సూరారం, గాజులరామారం కాలనీల్లో స్థిరపడ్డాయి. మగవాళ్ళకి ఫ్యాక్టరీ కొత్త పని నేర్పింది. పిల్లలకి బడి కొత్త చదువు నేర్పింది. ఇల్లాలికి ఎవరు నేర్పారు? బ్యాంకువాళ్ళు వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేసి వస్తాం. రక్తపరీక్ష కాగితం చేతికిస్తే అబ్బాయి ఆఫీసునుంచి వచ్చేదాకా ఆగుతాం. మనవరాలి బడిలో టీచరమ్మ ఇంగ్లీషులో మాట్లాడితే నవ్వి ఊరుకుంటాం. తెలివి లేక కాదు, అడగడానికి పక్కన మనిషి లేక. అడిగినా "నీకు చెబితే అర్థం కాదులే అమ్మా" అంటారేమోనని.

ఆ పక్కన మనిషి ఉంటే ఏమవుతుందో మన చరిత్రే చెబుతుంది. భండారు అచ్చమాంబగారు 1874లో పుట్టారు. పదేళ్ళ వయసులోనే పెళ్ళయింది. బడి మొహం చూడలేదు. అయితే ఆవిడ తమ్ముడు, తర్వాత విజ్ఞాన సర్వస్వం తలపెట్టిన కొమర్రాజు లక్ష్మణరావుగారు, అక్కగారింట ఉండి చదువుకున్నారు. తాను చదువుకుంటూ అక్కకీ చదువు చెప్పారు. తెలుగు, హిందీ మొదలుపెట్టి ఆవిడ ఇంకా కొన్ని భాషలు నేర్చారు. స్త్రీల జీవిత చరిత్రలు వెతికి వెతికి "అబలా సచ్చరిత్ర రత్నమాల" రాశారు. 1902లో "ధనత్రయోదశి" కథ రాశారు. ముప్ఫై ఏళ్ళ ప్రాయంలోనే, 1905లో కన్నుమూశారు. ఆ కొద్దికాలంలో అంత పని జరగడానికి ఆవిడ పట్టుదల ఒక కారణమైతే, అడిగినప్పుడు విసుక్కోకుండా చెప్పే తమ్ముడు ఇంట్లో ఉండడం రెండో కారణం.

దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారి సంగతి మీకు తెలిసిందే. చిన్నతనంలోనే పెళ్ళి, తర్వాత ఉప్పు సత్యాగ్రహంలో జైలు. జైలునుంచి వచ్చాక మెట్రిక్ కట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పైచదువులు చదివి, 1942లో మద్రాసులో లా పూర్తిచేశారు. మధ్యలో ఆగిన చదువుని మళ్ళీ అందుకోవడం ఎంత కష్టమో అనుభవించిన మనిషి కనకనే, కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి అధ్యక్షురాలిగా ఉండగా, పెద్దవయసు స్త్రీలు తక్కువ కాలంలో బడిచదువు పూర్తిచేసే కోర్సులు 1958లో మొదలుపెట్టించారు.

ఆ తర్వాత ఈ దారి ఇంకాస్త వెడల్పయింది. 1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. ఇప్పుడు దాన్నే అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అంటున్నాం. ఇంట్లో ఉండి చదువుకోండి, పుస్తకాలు మేమిస్తాం, రేడియోలో పాఠాలు చెబుతాం అన్నారు. రేడియో అంటే మనకి మొదటినుంచీ ఇంటికొచ్చే పంతులమ్మే. న్యాయపతి కామేశ్వరిగారిని రేడియో అక్కయ్య అని ఎందుకు పిలుచుకున్నారు? అక్క చెప్పినట్టే చెప్పారు కనక. అయితే రేడియోతో ఒక చిక్కుంది. అది చెబుతుంది, మనం వింటాం. "అక్కయ్యా, ఆ మాట అర్థం కాలేదు, మళ్ళీ ఒకసారి చెప్పవూ" అంటే దానికి వినబడదు. పోపు మాడుతోందని లేచి వంటింట్లోకి వెళ్ళొస్తే ఆగదు కూడాను.

అడిగితే మళ్ళీ చెప్పేది, మనకోసం ఆగేది ఇప్పుడు వచ్చింది. 2022 నవంబరు ఆఖరున చాట్‌జీపీటీ అనేది జనం చేతికి వచ్చింది. మన దేశ భాషలకోసం అదే సంవత్సరం జులైలో కేంద్ర ప్రభుత్వం భాషిణి అనే పథకం ప్రారంభించింది. 2024 జూన్‌లో గూగుల్ వారి జెమినీ తెలుగుతో సహా తొమ్మిది భారతీయ భాషల్లో మన దేశంలో ఫోనులోకి వచ్చింది. 2025లో తెలంగాణ ప్రభుత్వం కొన్ని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకి చదవడం, లెక్కలు నేర్పడానికి ఏఐ సాయం తీసుకోవడం మొదలుపెట్టింది. పిల్లలకి పనికొచ్చింది తల్లులకి ఎందుకు పనికిరాదు? టైపు చేయడం రాకపోయినా ఫర్వాలేదు. మైకు గుర్తు మీద వేలు పెట్టి తెలుగులో మాట్లాడండి, చాలు.

ఇంతకీ అది ఎలా పనిచేస్తుంది? వీలైనంత సులువుగా చెబుతాను. "అన్నం" అనగానే మీ మనసులో ఏ మాట వస్తుంది? వండాను, తిన్నాను, వడ్డించాను. అంతేగాని "ఉతికాను" అని రాదు. ఎందుకంటే చిన్నప్పటినుంచీ ఆ మాటలు కలిసి వినడం మనకి అలవాటు. ఈ యంత్రానికి లెక్కలేనన్ని పుస్తకాలు, వ్యాసాలు, సంభాషణలు చూపించి, ఒక మాట తర్వాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశం ఉందో నేర్పారు. మనం ప్రశ్న వేస్తే, ఆ లెక్క ప్రకారం మాట పక్కన మాట పేర్చుకుంటూ పోతుంది. అలా పేరుస్తూనే వ్యాకరణం చెబుతుంది, లెక్క చేస్తుంది, ఉత్తరం రాస్తుంది. ఆశ్చర్యమే.

కాని ఇందులోనే దాని లోపమూ ఉంది. వినడానికి బాగున్న మాట నిజమైన మాట కానక్కరలేదు కదా? తెలియని సంగతి అడిగినా ఒక్కోసారి తడుముకోకుండా చెప్పేస్తుంది. లేని పుస్తకానికి పేరు పెడుతుంది, జరగనిదానికి తేదీ చెబుతుంది. పైగా అది నేర్చుకున్న దాంట్లో ఇంగ్లీషు ఎక్కువ, తెలుగు తక్కువ. మన ఊళ్ళ సంగతులు, మన ఇంటి మాటలు, తెలంగాణ పలుకుబడి దగ్గర తడబడుతుంది. కనక అది చెప్పింది వేదవాక్కు అనుకోకూడదు. ఊళ్ళన్నీ తిరిగొచ్చిన గడుసు చుట్టం కబుర్లలా వినాలి. విషయం చాలా తెలుసు, మధ్యలో కోతలూ ఉంటాయి.

ఒక చిన్న ప్రయత్నం చేసి చూడండి. మా వైపు ఫాక్స్‌సాగర్ అనే చెరువుంది. జీడిమెట్ల చెరువనీ, కొల్ల చెరువనీ కూడా అంటారు. నిజాం కాలంలో కట్టింది. 2020 అక్టోబరులో పెద్దవానలకి అది నిండి, ఉమామహేశ్వర కాలనీ ఇళ్ళలోకి నీళ్ళొచ్చి జనం రోజుల తరబడి అవస్థపడ్డారు. ఆ చెరువు గురించి యంత్రాన్ని అడగండి. చెరువు నిండితే నీళ్ళు ఎటు పోవాలి, అలుగు అంటే ఏమిటి, దిగువన ఇళ్ళు కడితే ఏమవుతుంది అన్నవి చాలావరకు చక్కగా చెబుతుంది. ఎవరు కట్టించారు, ఎన్ని ఎకరాలు అనేసరికి ఒకరోజు ఒక అంకె, మరోరోజు మరో అంకె చెప్పినా ఆశ్చర్యపోకండి. అక్కడ మీరు చేయవలసిన పని, పాత కాపురస్తులైన పెద్దవాళ్ళని అడగడం, లైబ్రరీలో చూడడం. ఏది యంత్రాన్ని అడగాలో, ఏది మనిషిని అడగాలో తెలుసుకోవడం కూడా చదువే.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన సంగతికి వస్తున్నాను. టర్కీ దేశంలో దాదాపు వెయ్యిమంది హైస్కూలు పిల్లలతో లెక్కల్లో ఒక ప్రయోగం చేశారు. 2025లో ఆ పరిశోధన అచ్చయింది. కొందరికి మామూలు పుస్తకాలిచ్చారు. కొందరికి అడిగిన లెక్క చేసిపెట్టే ఏఐ ఇచ్చారు. ఇంకొందరికి జవాబు చెప్పకుండా దారి మాత్రమే చూపించే ఏఐ ఇచ్చారు. అభ్యాసం చేసేటప్పుడు, జవాబు చెప్పే ఏఐ ఉన్నవాళ్ళు పుస్తకాలవాళ్ళకన్నా 48 శాతం ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు. బాగానే ఉంది కదా అనుకుంటాం. తర్వాత ఏఐ తీసేసి పరీక్ష పెట్టారు. వాళ్ళే పుస్తకాలవాళ్ళకన్నా 17 శాతం వెనకబడ్డారు. దారి చూపించే ఏఐతో నేర్చుకున్నవాళ్ళకి ఆ నష్టం దాదాపు కలగలేదు.

చూశారా? పక్కింటి పిన్నిగారు రోజూ తెచ్చి పెడుతూంటే మనకి వంట వస్తుందా? పిన్నిగారు పక్కన నుంచుని "ఇప్పుడు ఉప్పెంత వేస్తావు, ఎందుకు వేస్తావు" అని అడుగుతూంటే వస్తుంది. యంత్రం మనకి ఏ పిన్నిగారు కావాలన్నది మన అడగడంలో ఉంది.

అయితే ఎలా అడగాలి? నాకు తోచిన పద్ధతి చెబుతాను.

మొదటిది, ఒక నెలకి ఒకే విషయం పెట్టుకోండి. అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏదీ తేలదు. ఇంగ్లీషులో మాట్లాడడం కావచ్చు, బ్యాంకు వడ్డీ లెక్క కావచ్చు, చక్కెరజబ్బు గురించి కావచ్చు, మానేసిన సంస్కృతం కావచ్చు, పక్కవాటాలో ఉండే బీహారు వాళ్ళతో మాట్లాడడానికి హిందీ కావచ్చు.

రెండోది, మీరెవరో, ఎంతవరకు తెలుసో చెప్పండి. "నేను పదో తరగతి వరకు తెలుగు మీడియం చదివాను. ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, మాట్లాడడం రాదు. రోజుకి ఇరవై నిమిషాలు తీరిక ఉంటుంది. నా స్థాయికి తగ్గట్టు కొంచెం కొంచెంగా చెప్పు" అనండి. బళ్ళో నలభైమంది పిల్లల మధ్య ఏ పంతులుగారూ మనకోసం ఇలా ఆగలేరు. 1984లో బెంజమిన్ బ్లూమ్ అనే అమెరికా విద్యావేత్త, ఒక్కొక్కరికి విడిగా చదువు చెబితే మామూలు విద్యార్థి కూడా మామూలు తరగతిలోని నూటికి 98 మందిని దాటిపోతాడని రాశారు. తర్వాతి పరిశోధనల్లో లాభం అంత పెద్దగా కనిపించలేదు గాని, విడిగా చెప్పడంలో మేలుందన్న మాట నిలిచింది. ఆయన చెప్పింది మనిషి గురించి. యంత్రం మనిషి కాదు. అయినా విసుగు లేకుండా పదోసారి కూడా చెప్పే గుణం దానికుంది.

మూడోది, జవాబు అడక్కండి, ప్రశ్న అడగమనండి. "ఈ పాఠం మీద నన్ను ఐదు ప్రశ్నలు అడుగు. తప్పు చెబితే వెంటనే జవాబు చెప్పకు, చిన్న ఆధారం ఇవ్వు" అని చెప్పండి. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. ఒక పాఠాన్ని రెండుసార్లు చదివినవాళ్ళకి వారం తర్వాత 42 శాతం గుర్తుంది. ఒకసారి చదివి, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళకి 56 శాతం గుర్తుంది. మన అమ్మమ్మలు ఎక్కాలు ఒప్పజెప్పించుకోవడంలో ఉన్న కిటుకు ఇదే.

నాలుగోది, ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. చాకలిపద్దు, పాలలెక్క రాసే పుస్తకం కాదు, విడిగా మీ చదువుకోసం. ఆరోజు నేర్చుకున్నది మీ మాటల్లో నాలుగు ముక్కలు రాయండి. అనుమానం ఉన్నచోట గుర్తు పెట్టండి. యంత్రాలు మారతాయి, కంపెనీలు మారతాయి, ఇవాళ ఊరికే ఇచ్చేదానికి రేపు డబ్బు అడగవచ్చు. ఫోను పోతే మీ సంభాషణలూ పోవచ్చు. జీవితాంతం మీతో ఉండేది మీ తలలో ఉన్నదీ, మీ చేత్తో రాసుకున్నదీ.

ఐదోది జాగ్రత్త. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, ఓటీపీ, ఇంటి గుట్టు యంత్రానికి చెప్పకండి. మనం చెప్పినవి ఆ కంపెనీల దగ్గర నిలవ ఉండవచ్చు. ఏఐ పేరుతో ఎవరైనా ఫోను చేసి డబ్బడిగితే పెట్టేయండి. మోసపోయామనిపిస్తే సిగ్గుపడకుండా వెంటనే 1930 నంబరుకి ఫోను చేయండి. ఇక వైద్యం సంగతి. రక్తపరీక్ష కాగితంలో మాటలకి అర్థం అడగండి, డాక్టరుగారిని ఏమేం అడగాలో జాబితా రాయించుకోండి. మందు మొదలుపెట్టడం, మానడం, మోతాదు మార్చడం మాత్రం డాక్టరుగారు చెప్పాకే. అలాగే ఆస్తి కాగితాల మీద సంతకం చేసేముందు వకీలుగారికి చూపించాల్సిందే.

ఇంకొక మాట. ఈ యంత్రం మనల్ని పొగుడుతుంది. ఏమడిగినా "ఎంత చక్కని ప్రశ్న" అంటుంది. 2025 ఏప్రిల్‌లో చాట్‌జీపీటీని తయారుచేసే సంస్థే, కొత్తగా చేసిన మార్పు వల్ల అది మితిమీరి ముఖప్రీతి మాటలు చెబుతోందని ఒప్పుకుని ఆ మార్పుని వెనక్కి తీసుకుంది. ఏళ్ళ తరబడి మెచ్చుకోలు వినని చెవులు మనవి. అంచేత ఆ తీపి మాటకి త్వరగా లొంగిపోతాం. "మెచ్చుకోవద్దు, నేను రాసినదాంట్లో తప్పులు చూపించు" అని గట్టిగా చెప్పండి. అది మనకోసం చారు కాచదు, జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేయదు. మనసు బాగోనప్పుడు తోటి మనిషి దగ్గరికే వెళ్ళండి.

అందుకే ఒక్కరే కూర్చుని చదవకండి అంటాను. అపార్ట్‌మెంటులోనో, వీధిలోనో నలుగురు కలవండి. వారానికి రెండు మధ్యాహ్నాలు చాలు. ఒకరు ఇంగ్లీషు నేర్చుకున్నది చెబితే, ఇంకొకరు వడ్డీ లెక్క చెబుతారు. యంత్రం చెప్పిన తప్పు ఒకరికి దొరక్కపోతే రెండోవారికి దొరుకుతుంది. ఫోను లేనివాళ్ళు ఉన్నవాళ్ళ పక్కన కూర్చుంటారు. కొన్నాళ్ళకి ధైర్యం వచ్చాక, ఆగిన పదో తరగతికో, ఇంటర్‌కో ఓపెన్ స్కూలులో, డిగ్రీకి సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరవచ్చు. పాఠం ఆ పుస్తకాల్లో ఉంటుంది, అర్థం కానిచోట ఈ తోడు ఉంటుంది.

"ఈ వయసులో నీకు చదువెందుకు" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. అననివ్వండి. కొంతమంది నవ్వుతూ అంటారు, కొంతమంది ఫోను లాక్కుని అంటారు. వాదించకండి. భోజనాలయ్యాక వంటింటి తలుపు వేసినట్టే, ఆ ఇరవై నిమిషాలకీ తలుపు వేయండి. రోజూ అదే వేళకి కూర్చుంటే నెల తిరిగేసరికి ఇంటివాళ్ళకీ అలవాటవుతుంది. పరీక్ష కాగితం మీరే చదివి చెప్పిన రోజున, బ్యాంకులో "ఆగండి బాబూ, ఈ వడ్డీ ఎలా వేశారు" అని మీరు అడిగిన రోజున, ఎందుకన్న ప్రశ్నకి జవాబు వాళ్ళకే దొరుకుతుంది.

ఇప్పటికే ఏఐ వాడే కోడళ్ళకీ, కూతుళ్ళకీ ఒక్క మనవి. అమ్మకి ఫోనులో దాన్ని పెట్టి ఇవ్వడానికి పది నిమిషాలు పడుతుంది. పెట్టివ్వండి. అత్తయ్యగారు తప్పుగా నొక్కితే నవ్వకండి. లక్ష్మణరావుగారు అక్కగారిని చూసి నవ్వి ఉంటే అచ్చమాంబగారి పుస్తకం మనకి ఉండేది కాదు.

పెరుగు తోడుపెట్టడం మనకెవరూ చెప్పక్కరలేదు. తోడు చెంచాడు చాలు. కాని పాలు మనవే కావాలి, కాచడం మనమే కాచాలి, కాస్త ఓపికపట్టడమూ మనమే పట్టాలి. గిన్నెనిండా తోడే పోసుకుంటే అది ఎదురింటి పెరుగే అవుతుంది. ఈ యంత్రాన్ని చెంచాడంత వాడండి. చదువు మీది.